గాలి లెక్క

మా ఊళ్లో ఏం తప్పినా ఎత్తు మీదికి తోసేస్తారు.
పప్పు ఉడక్కపోతే ఎత్తు. తల పగిలిపోతుంటే ఎత్తు.
మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం మానేస్తే అదీ ఎత్తే.
నాలుగు వేల మూడొందల మీటర్లు మరి,
సెర్రో దె పాస్కోలో గాలి కూడా
రేషన్ సరుకులా కొలిచి పోస్తారు.

తెయోఫిలో అటచావా టాక్సీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.
తెల్ల ప్రోబాక్స్. మూడు లక్షల కిలోమీటర్లు దాటింది.
దిగి, తలుపు మీద చెయ్యి ఆనించి
ముందు తన ఊపిరి తాను పోగు చేసుకున్నాడు,
ఇరవై రెండేళ్లు గనిలో చేసిన మనిషి.
"నిల్డా, ఇది పెట్రోలు తాగడం లేదు, పారబోస్తోంది.
హువానుకో వెళ్లొచ్చేసరికి కిరాయంతా ట్యాంకులోకే.
ఇద్దరికి చూపించా. ఇద్దరూ ఎత్తే అన్నారు."

ఏడేళ్లుగా ఇక్కడే తిరుగుతున్న బండి.
ఎత్తు నిన్న గాక మొన్న వచ్చిందా?

స్కానర్ తగిలిస్తే కోడ్ చూపించింది: ఆక్సిజన్ సెన్సార్.
కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు చెప్పదు.
తిట్టేముందు దాని మాట కూడా వినాలి కదా,
ఇంజను వేడెక్కనిచ్చి మల్టీమీటర్ పెట్టాను.

బాగున్న సెన్సార్‌కి నిలకడ ఉండదు.
పాయింట్ ఒకటి, పాయింట్ తొమ్మిది, మళ్లీ ఒకటి,
సెకనుకోసారి మనసు మార్చుకుంటుంది.
ఇది పాయింట్ రెండు దగ్గర కూర్చుంది.
గాలి గొట్టంలోకి క్లీనర్ ఒక్క పిచికారీ కొట్టాను.
నాలుగు లెక్కపెట్టాక
నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు
కొంచెం కదిలింది, అంతే.
హీటర్ వైర్లు బాగానే ఉన్నాయి.
పొగగొట్టంలో చీలిక ఉందేమోనని
మణికట్టు కాల్చుకుంటూ వెతికాను. లేదు.
అప్పుడు చెప్పాను, మార్చాలని.

లీమా నుంచి బస్సులో కొత్తది రావడానికి రెండు రోజులు.
పాతది బయటికి రావడానికి ఒక మధ్యాహ్నం.
తుప్పు మరని పెళ్లాడింది.
నూనె పోసి, మూన్యా టీ తాగి, మళ్లీ పోసి,
టైర్ల కొట్టు హెర్మెనెహిల్దో దగ్గర
పక్కన గాటున్న ఇరవై రెండో నంబరు పానా అరువు తెచ్చి,
దానికి పైపు తొడిగి, గోడకి కాలు తన్నిపెట్టి లాగాను.
కీచుమంది. నేనా, అదా, తెలీలేదు.

మొన చూశాను.
మసి ఉండాల్సిన చోట తెల్లగా,
ముగ్గుపిండి అద్దినట్టు.

"తెయోఫిలో, ఇంజను మీద ఏమైనా పూశావా?"
టోపీ తీశాడు. దాని అంచు చుట్టూ వేళ్లు తిప్పాడు.
"జూన్‌లో. పైమూత దగ్గర నూనె కారుతుంటే.
చిన్నదాని గది కిటికీకి రాయగా
ట్యూబులో కాస్త మిగిలింది.
రాత్రంతా గాలి ఈలేస్తూ వచ్చేది, పిల్ల నిద్రపోయేది కాదు.
సందులన్నీ మూసేశా.
మిగిలింది పారేయడమెందుకని..."

కిటికీ సిలికాన్.
వేడికి దాని ఆవిరి ఇంజను మింగింది,
సెన్సార్ చర్మంలోని రంధ్రాలన్నీ పూడిపోయాయి.
అక్కడ ఏం చెయ్యమన్నాడో
ఇక్కడా అదే చేసింది, పాపం, నమ్మకంగా.

బ్లేడుతో గీకి గీకి అదంతా తీశాను.
పైమూతకి సరైన గాస్కెట్ వేశాను.
కొత్త సెన్సార్ మరకి పేస్టు పూశాను,
రెప్పకి కాటుక పెట్టినట్టు, కంట్లో పడకుండా.
చేత్తో తిప్పి, పానాతో బిగించి, వైరు కలిపి,
"ఇక స్టార్ట్ చెయ్" అన్నాను.

ఒకటి. తొమ్మిది. ఒకటి. ఎనిమిది.
మీటరు మీదికి వంగి చూశాడు.
"నిలవడం లేదే! ఇది కూడా పాడేనా?"
"నిలిచిందంటేనే పాడు."
నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది,
తిరిగి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.
అది అయ్యేదాకా నేను మీటరే చూశాను.
ఒకటి. తొమ్మిది. ఒకటి.

సగం డబ్బు ఇచ్చాడు, మిగతాది శనివారమట.
"కిటికీది మాత్రం పీకకు" అన్నాను,
"అక్కడ అది ఉండాల్సిందే."
పానా తిరిగి ఇచ్చి రావాలి
హెర్మెనెహిల్దో కొట్టు కట్టేసేలోగా.