ఆరునూర్ల ఇరవై అడుగులు

కళ్యాణదుర్గంలో మూతబడిన చెనిక్కాయల మిల్లు.
గోడలకు ఇంకా పొట్టు వాసన.
పదకొండు ప్రశ్నలు రాసుకొని పోయినాను.
మొదటిదే తప్పు ప్రశ్న:
"మీది ఏ రకం సంగీతం?"

కుళ్ళాయప్ప గిటారు తీగ బిగిస్తూ
తల ఎత్తలేదు.
"రకం తెలిస్తే అంగట్లో కొనుక్కుంటాం గదన్నా,
రాత్రిళ్ళు మేలుకొని ఎందుకు చేసుకుంటాం?"

నలుగురు వాళ్ళు.
షమీమున్నీసా, మోటర్ల మెకానిక్కు కూతురు,
కాలిపోయిన స్టార్టరు డబ్బాలు విప్పి
వాయిద్యం ఒకటి కట్టింది. పేరు పెట్టలేదు.
మూడు బటన్లు, ఒక పచ్చలైటు.
ఒకటి నొక్కితే గొంతు పెగలని దూడ,
ఇంకొకటి, ఘాటు మీద లారీ గేరు మార్చినట్టు.
మూడోది ఎందుకుందో తనకూ తెలీదంది.
"దాన్ని పీకేస్తే మిగతా రెండూ పలకవు."
ఇది గీత గీసి మరీ రాసుకున్నాను.

పక్కీరప్ప బేసు వాయిస్తాడు, మాట్లాడడు.
ఏమడిగినా లావు తీగ మీద బొటనవేలు ఒత్తి
అర్థమైందా అన్నట్టు చూస్తాడు.

అంజినప్పకు డెబ్బై ఒకటి.
ఉరుము మెడకేసుకొని
యాభై ఏండ్లు జాతర్లు తిరిగినాడు.
ఒక పక్క కొట్టి, రెండో పక్క పుల్లతో రాస్తే
తోలు లోపల మబ్బు మూలుగుతుంది.
పిల్లోళ్ళు ఏడు దెబ్బల్లో కట్టుకున్నదాన్ని
పదమూడుకు సాగదీసింది ఈయనేనంట.
ఎట్లా లెక్కపెడతావు తాతా అంటే
చాలాసేపు వక్క నమిలినాడు.
"లెక్కబెట్టను నాయనా.
ఎద్దు కుంటుతాంటే బండి ఎట్ల పోతాదో అట్ల పోతా.
కుంటెద్దును కొట్టగూడదు.
దాని అడుగు పడేదాకా నువ్వు కాసుకోవల్ల."

ఇంతకీ నేను వచ్చింది కొత్త పాట గురించి.
పాట అనొద్దంది షమీమున్నీసా, మాటలు లేవు గదా.
ముదిగల్లు దావలో లింగమ్మ చేన్లో
ఎండిపోయిన బోరు. ఆరునూర్ల ఇరవై అడుగులు.
రాత్రి రెండుగంటలప్పుడు, గాలి నిలిచినాక,
తాడు కట్టి దాంట్లోకి మైకు దింపినారు.

ఏం వినబడింది?

మొదట ఏమీ లేదంట.
తర్వాత కేసింగు పైపు చల్లారే టిక్కుటిక్కు.
నాలుగునూర్లు దాటినాక ఒక జీర.
కిందిదో, పైదో, తాడుదో తెలీని జీర.
"అదే మా శ్రుతి. తీగలన్నీ దానికే దించుకున్నాం.
హార్మోనియంలో వెతుకొద్దు,
రెండు మెట్ల సందులో ఉండాది."

తెల్లారి లింగమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టినారు.
రెండు లక్షల అప్పు ఆ గుంత.
కొంగు నోటికడ్డం పెట్టుకొని చివరిదాకా విని
"పోనీలేబ్బా,
ఇన్నాళ్ళకు దీంట్లోనుంచి ఏదో ఒకటి పైకొచ్చె"
అన్నదంట.

ఆ మాట మీ దాంట్లో పెట్టలేదా అని అడిగినాను.
అప్పుడు పలికినాడు పక్కీరప్ప,
ఆ సాయంత్రమంతా అదొక్కటే మాట:
"అది ఆమెది."

ఎంతసేపు ఉంటుంది మొత్తం?
"త్రీఫేజు ఉన్నంతసేపు."
నవ్వుతారనుకున్నా. ఎవరూ నవ్వలేదు.
మొన్న నలభై నిమిషాలు, నిన్న పంతొమ్మిది.
కరెంటు పోయినచోట అందరూ ఆగిపోతారు,
ఉరుము మటుకు పోతానే ఉంటుంది,
దానికి ప్లగ్గు లేదు.
ఎక్కడ ముగించాలో ఆ చీకట్లో
అంజినప్ప చెయ్యి తేలుస్తుంది.
ఒకసారి ముగించకుండానే ఇంటికి పోయినాడంట,
దావంతా వాయించుకుంటా,
కుక్కలు వెంటబడినా ఆపకుండా.

నా దగ్గర ఇంకా అయిదు ప్రశ్నలున్నాయి.
ఎవరి ప్రభావం మీ మీద, రేపటి ప్రణాళికలేమిటి,
ఇట్లాంటివి.
షమీమున్నీసా చెయ్యి చాపి కాగితం తీసుకుంది.
చదువుతుందనుకున్నా.
నాలుగు మడతలు పెట్టి
ఊగుతున్న డబ్బా కాలి కింద దూర్చి
వేలితో ఒకసారి నొక్కి చూసింది.

"ఇప్పుడు కదలదు," అంది.
పచ్చలైటు వెలిగింది.