నిశాని

మొట్టమొదట తీసేసింది
"స్వాగతం సుస్వాగతం" అంటూ కుడి నుంచి ఎడమకు
ఏడేండ్లుగా ఉరుకుతున్న ఎర్ర అక్షరాలను.
పాపం, అలిసిపోయినయి.
తర్వాత ప్రారంభోత్సవం ఫొటోలు,
రిబ్బను, కత్తెర, శాలువాలు.
వాటన్నిటి కింద ఎక్కడో గోరంత
వెతుకుడు పెట్టె.

హనుమకొండ, యూనివర్సిటీ లైబ్రరీ, రెండో అంతస్తు.
కిర్రుమనే ఫ్యాను కింద నేనూ నా కాంట్రాక్టు కొలువూ.
బటన్ నీలమా ఆకుపచ్చా అని
కమిటీ మూడుసార్లు కూసున్నది,
మూడుసార్లూ సమోసాలు తిన్నది.
నేను మాత్రం రాత్రిపూట
జనం ఏం వెతికి, దొరకక, మర్లిపోయిండ్రో
ఆ చిట్టా చదువుకుంట కూసున్న.

ఓరుగల్లు. ఫలితాలు సున్నా.
మా దాంట్ల ఆ ఊరికి ఒక్కటే పేరు.
బతుకమ్మ పాటలు. సున్నా.
'జానపద స్త్రీల గేయ వాఙ్మయము' అని కొడితే వస్తయి,
ఎవరు కొడతరు?
జంపఖానా. సున్నా.
జంపకాన. సున్నా.
జంఖాన. సున్నా.
ఒక్కటే ఫోను, ఒక్కటే రాత్రి,
పదకొండు తీర్ల రాసి చూసి
పన్నెండోసారి
"కొత్తవాడ మా తాత".

ఇంకేం వెతకలేదు ఆ ఫోను.

ఉన్నది. లేక కాదు.
చేనేత సంఘం కూలీ పుస్తకాలు తొమ్మిది,
స్కానయి ఆరేండ్లాయె.
పేరు: ఇతరములు 214.
విషయం: ఇతరములు.
భాష దగ్గర గూడ అదే మాట చూసి
సగం లెక్కలు చదివిపెట్టిన రఫత్ సార్ నవ్విండు,
"ఉర్దూ గూడ ఇతరములేనా బేటా?"

ఇగ పనిల పడ్డ.
ఒత్తు తప్పినోళ్లు దారి తప్పకుండ చేసిన.
అరసున్న ఉన్నా లేకున్నా ఒకటే అన్న.
జంపఖానాకూ తివాచీకీ, శిస్తుకూ పన్నుకూ
చుట్టరికం కలిపిన.
తలకిందులుగా స్కానయిన నూటాముప్పై పేజీలను
ఒక్కొక్కటి లేపి నిలవెట్టిన.
అద్దం పగిలిన ఫోన్లో, ఏటూరునాగారం సిగ్నల్లో గూడ
తెరుచుకోవాలని బొమ్మల బరువు దించిన.
ప్రతి పేజీ అడుగున ఒక చిన్న గడి:
మీకు తెలిస్తే చెప్పండి.
"ఎవరికి తెలుస్తది?" అన్నది కమిటీ.

ఆషాఢం, ఆదివారం, బయట ముసురు.
గడిలో మొదటి మాట పడ్డది.

"నాలుగో పుస్తకం, అరవై రెండో పేజీ సూడుండ్రి సార్.
పేరు నీళ్లకు పోయింది గని నిశాని ఉన్నది.
బొటనవేలు నడుమ అడ్డంగ తెల్లగీత.
పంజా తెగింది.
పంజా అంటే పులిది కాదు, మగ్గానిది.
మా నాయిన చెప్పేటోడు.
అది మా తాత రాజవీరు.
కుడికాల భాగ్య, కొత్తవాడ."

పెద్దగ చేసి చూసిన.
ఇంకా పెద్దగ.
నల్లటి పోగులు, పడుగు పరిచినట్టు,
వంగి, మలిగి, గుండ్రంగ తిరిగి,
నడుమ తెగినచోట ఆగి
అవతలి ఒడ్డున మళ్లీ అందుకున్నయి.

చెప్పాల్నా వద్దా అనుకున్న, చెప్త.
మరకలు, గీతలు తుడిచే ప్రోగ్రామ్ ఒకటి
రాసి పెట్టుకున్న నేను.
తొమ్మిది పుస్తకాలూ అద్దంలెక్క మెరిపియ్యాలని.
సోమవారం నడిపేది ఉండె.

తీసేసిన.

పేరు గడిలో రాజవీరు అని ఎక్కించిన.
ఆధారం అని అడిగింది సాఫ్ట్‌వేర్,
శాసనమా, గ్రంథమా, పత్రికా, ఇతరములా.
మనుమరాలు అన్న మాటకు దాంట్ల చోటు లేదు.
ఒక గడి పెంచిన, కమిటీకి చెప్పలేదు.

రాత్రి పదకొండుకు
జమ్మికుంట నుంచి ఇంకెవరో:
"పేజీ పెద్దగ చేసే బటన్ పని చేస్తలేదు."

నిజమే, పని చేస్తలేదు.
నేనే చెడగొట్టినట్టున్న, మధ్యాన్నం అన్నిసార్లు నొక్కి.
చూస్తున్న.