నూట పన్నెండో బొమ్మ

హ్యూస్టన్‌లో ఆ రాత్రి ఉక్కపోత.
లోపల మాత్రం ఏసీ చలికి
వెర్నా టిడ్‌వెల్ స్వెట్టర్ గుండీలన్నీ పెట్టుకుని
చీకట్లో చేతులతో చూస్తోంది.
ఫిల్ము చుట్ట.
రెండు లక్షల నలభై వేల మైళ్ళు వచ్చినా
పిడికిలంత కూడా అలసిపోలేదు.

ఆరాక దీపం బల్ల మీద పరిచింది.
మొదట బూడిద. తర్వాతా బూడిదే.
పైన నల్లటి ఆకాశం, మందుకైనా ఒక చుక్క లేదు.
"అక్కడ పట్టపగలు కదా" అన్నాడు పక్క బల్ల ఎల్మర్,
శాండ్‌విచ్ నములుతూ.
నిజమే.
వెన్నెల పుట్టింట్లో వెన్నెల ఉండదు.

తీసిన మనిషికి కన్ను ఆనించే వీల్లేదు.
తలకి గాజుకుండ, ఛాతీకి బిగించిన కెమెరా.
దేన్ని తీయాలన్నా
ఒళ్ళంతా తిప్పి దానికి ఎదురు నిలబడాలి,
ఎరగని రాయిని
పేరుపెట్టి పలకరించబోయినట్టు.
ఒక అడుగు తిరిగి ఒక బొమ్మ,
మళ్ళీ అడుగు, మళ్ళీ బొమ్మ,
అర్ధరాత్రి బస్సు దిగినవాడు
చుట్టూ చూసుకున్నట్టు.

ప్రతి బొమ్మలోనూ వరసగా సన్నటి కూడిక గుర్తులు.
కొలతల కోసమట.
వెర్నాకి మాత్రం లూసియానాలో అమ్మమ్మ కుట్టిన బొంత,
దాని మీది దారపు ముడులు.

నూట పన్నెండు దగ్గర ఆగింది.
వంకర నేల, సగం బూటు,
బొమ్మంతా ఒక పక్కకి ఒరిగిపోయి.
తూలినట్టున్నాడు. వేళ్ళు బిగిసి మీట నొక్కుకుంది.
జాబితాలో రాయాల్సిన మాట ఒకటే: పనికిరాదు.
పెన్ను ఎత్తింది.
రాయలేదు.

నాలుగు నెలలకి ఆయనే వచ్చాడు, ఆర్విల్ హాగ్‌స్ట్రోమ్,
ల్యాబు వాళ్ళందరికీ చేతులు కలిపి
వెళ్ళబోతూ వెనక్కి తిరిగి అడిగాడు:
"కెమెరా ఎక్కడైనా పడిందా, బొమ్మల్లో?
బరువని అక్కడే వదిలేశాం.
ఫిల్ము తీసుకుని, దాన్నో రాతి పక్కన పెట్టాను.
కింద పడేయలేదు, పెట్టాను."

వెర్నా సొరుగు తెరిచింది.
నూట పన్నెండు.
బూటు కాదు, నేలా కాదు, ఆ మూల చూడండి అంది.
పక్కకి పడ్డ పొడుగాటి నీడ,
నీడ ఛాతీ మీద
చిన్న నలుపలకల ఉబ్బు.

ఆయన చాలాసేపు చూశాడు.
తర్వాత, ఖాళీగా ఉన్న చొక్కా జేబుని
అరచేత్తో అదిమి పట్టుకుని,
"బల్ల మీద కాఫీ వొలికింది,
చూసుకోండి" అన్నాడు.