పూడ్చని గుంత

ఎక్స్‌రే ఫిలిం లైటు పెట్టె మీద పెట్టి
ఫర్హానా డాక్టరమ్మ పెన్ను కొనతో చూపించింది.
కుడి దవడలో, బయటికి రాని జ్ఞానదంతం చుట్టూ
కోడిగుడ్డులో సగమంత చీకటి.
"ఎన్నేళ్ళుగా ఉందో. నొప్పి లేదు కదా, తెలీలేదు."

నొప్పి లేకుండా తొలుచుకుపోయేది ఒకటుంటుందని
ఇరవై రెండేళ్ళు రాయి తొలిచినవాణ్ణి, నాకు తెలీదు.
మా క్వారీలో ఏది కదిలినా చప్పుడే:
కంప్రెసరు, జాకీ హ్యామరు, ఈల, ఆమీద తూటా.

కోశారు. తిత్తిని పొరతో సహా ఒలిచి
సీసాలో వేసి పరీక్షకి పంపారు.
మత్తు దిగినాక చీటీ మీద రాసి అడిగాను:
"గుంతలో ఏం నింపినారు?"
"ఏమీ లేదు."
ఏమీ లేదంటే? కళ్ళతో అడిగాను.
"నెత్తురే నిండుతుంది. కుట్లేసి మూశాను, అంతే.
మిగతాది నీ ఎముక చూసుకుంటుంది, చెంగల్రాయా."

నేను నమ్మలేదు.
గుంతల గురించి నాకు చెబుతుందా ఈమె?
బంగారుపాళ్యం దాటినాక మా కొండని చూసిందా?
పదైదేళ్ళప్పుడు నేను దిగిన మొదటి గుంత
ఇప్పటికీ అట్లే నోరు తెరుచుకోనుంది.
వానకి నీళ్ళు, ఎండకి పాచి,
ఒక ఏడాది గంగులప్ప బర్రె పడి చచ్చింది.
రాయి తీసినచోట రాయి మొలిచింది ఎవరు చూశారు?

నలభై దినాలు రాగిజావ.
సుగుణ సంగటి ముద్దని మజ్జిగలో పిసికి, వడగట్టి ఇచ్చేది.
పక్కన పిల్లోడు వేయించిన చెనిక్కాయలు నములుతుంటే
లేచి బయటికి పోయేవాణ్ణి.
గట్టిగా కొరికితే దవడ విరుగుతుందన్నారు,
అంచు గుడ్డుపెంకంత పలచగా ఉందట.
ఆవులింత వస్తే చేత్తో గడ్డం పట్టుకునేవాణ్ణి.
ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊసినాక
నాలుక ఆ పల్లందాకా పోయి తడిమి వచ్చేది,
అప్పిచ్చినోడు వాకిలి చూసి వచ్చినట్టు.

మూడో నెల ఫిలిం: నలుపే.
"అంచున చూడు, పొగమంచులాగ. అదే."
"నాకేం కనపడలా."
"పాలు తోడుకునేటప్పుడు కనపడుతుందా నీకు?"

ఆరో నెలకి బూడిద రంగు.
అంచుల నించి లోపలికి, ఎవరూ పిలవకుండా, కూలీ అడగకుండా,
ముందు సాలెగూడులాగ,
ఆమీద ఆ గూటి పోగులకి సున్నం.

ఆ ఫిలిం కవరు ఒళ్ళో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కితే
కొండ దిగొచ్చిన ఒకాయన అడిగినాడు,
"దేనికి మొక్కుకున్నావు?"
"ఏమీ మొక్కలా సామీ. దానిపాటికి అదే వస్తాండాది."
ఆయన తన గుండు తడుముకున్నాడు.
అప్పటికే నల్లటి చుక్కలు.

ఏడాదికి, ఏ పక్క కోశారో
ఫిలింలో వెతకాల్సి వచ్చింది.
అన్నీ తిరిగి రాలేదు.
కింది పెదవి కుడి సగం ఇంకా నాది కాదు.
టీ కారినా తెలీదు.
సుగుణ కొంగుతో తుడుస్తుంది,
నలుగురిలో తుడిస్తే కోపమొస్తుంది నాకు.

హ్యామరు పట్టొద్దన్నారు, ఆ అదురుకి.
ఇప్పుడు షెడ్డులో కూర్చుని లెక్కలు రాస్తా.
మధ్యాహ్నం ఈల పడగానే అందరూ చెవులు మూసుకుంటారు.
నేను దవడ పట్టుకుంటా.
దుమ్ము దిగినాక పోయి చూస్తా,
పచ్చిగా, పదునుగా, కొత్త గుంత.
పుస్తకంలో రాస్తా: పొడుగు, వెడల్పు, లోతు.
నాలుగో గడి లేదు ఆ పుస్తకంలో.