నురగ

నలభై ఏండ్లు బెల్లం పెనం ముందర నిలబడి
నురగ జూసి పాకం జెప్పినోణ్ణి.
మొన్న తెల్లారుజామున
నా ఉచ్చలో అదే నురగ.
చూడనట్టే చెంబుడు నీళ్లు గుమ్మరిస్తి.

చిత్తూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ
చక్కెర సంగతి కాదు, ముందు నా పనేందని అడిగింది.
"వడగుడ్డ పలచబడింది పెద్దాయనా, చినగలా ఇంకా.
బీపీ మంట ఎగదోస్తే
గుడ్డా పోతాది, ఈ గానుగా ఆగిపోతాది"
అని ఎదమీద చెయ్యి పెట్టి చూపించింది.

ఇప్పుడు మాత్ర మింగి,
ఊరగాయ జాడీకి వీపు తిప్పి తింటా ఉండా.
కుప్పమ్మ నవ్వతాది.
మండీలో అచ్చు పగలగొట్టి
వాసన జూసి, పలుకు జూసి ధర జెప్తా;
నాలిక్కి మాత్రం చూపించను.
ఆర్నెల్లకొకతూరి చిన్న సీసా పట్టుకొని
లైన్లో నిలబడతా.

పొయ్యిలో కట్టె ఒకటి వెనక్కి లాగినా.
పాకం ముదరనీను.