శుక్రవారం పూట సండేస్కూలు

ముప్పై కిలోల్లో
ఇరవై రెండు దేవుడి పనివి:
రంగు పెన్సిళ్ళు, గుడ్డతో కుట్టిన యోనా, ఆయన చేప,
కంఠత వాక్యం చెప్పినవాళ్ళకి ప్లాస్టిక్ పతకాలు రెండొందలు.
మిగతా ఎనిమిదిలో నా నాలుగు చీరలు,
సుగుణమ్మకి గోంగూర పచ్చడి.

తణుకులో ఆదివారం చెప్పే పాఠం
కువైట్‌లో శుక్రవారం చెప్పాలి. సెలవు ఆ రోజే.
జలీబ్‌లో మూడో అంతస్తు, పాత మేడ.
"చెప్పులు బయట విడవకండమ్మా"
సుగుణమ్మ మొదటి మాట అదే.
జతలు లెక్కపెట్టేవాళ్ళుంటారట.
"పాటకి చప్పట్లొద్దు, అరచేతులు రాసుకోండి చాలు."
ముప్పై నాలుగు మంది పిల్లలు
అరచేతులు రాసుకుంటూ దేవుణ్ణి స్తుతిస్తుంటే
ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టుంది.

కల్లివెల్లి అయిన తల్లుల బిడ్డలు.
బతాకా లేదు, బడి లేదు.
పుట్టినరోజు తల్లి నోట్లోనే ఉంది:
"ఆ యేడు ఎర్రదుమ్ము లేచిందే, ఆ వారం."

"ఒక అబ్బాయి దగ్గర ఐదు రొట్టెలు" అన్నానో లేదో
"రెండు చేపలు" అన్నాడు వెనక నుంచి ఒకడు, ఆవులిస్తూ.
"హైదరాబాద్ టీమూ చెప్పింది, కొచ్చి టీమూ చెప్పింది.
పన్నెండు గంపలు మిగిలాయి."
కెజియాకి ఏడేళ్ళుంటాయి. బుగ్గ మీద చెయ్యి తియ్యకుండానే
"మీరెన్ని రోజులు?" అంది.
పదకొండు అన్నాను.
"కొచ్చి వాళ్ళు తొమ్మిదే"
నన్ను ఓదారుస్తున్నట్టు అంది.

చెయ్యి తీయించి చూశాను. వాపు.
అయ్యగారు తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు,
నేను ఆమెన్ అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా.
సుగుణమ్మ లవంగం నలుపుతోంది.
క్లినిక్‌కి తీసుకెళ్దామన్నాను.
"బతాకా అడుగుతారు" అంది,
ఇంట్లో ఉప్పయిపోయింది అన్నంత మామూలుగా.

ఇరవై రెండు కిలోలు మళ్ళీ తడిమాను.
పంటి నొప్పికి ఒక్క మాత్ర లేదు.

ఐదో రోజు నుంచి పతకాల సంచి విప్పలేదు.
రాత్రుళ్ళు కెజియా తల నా ఒళ్ళో.
ఏసీ నీళ్ళు బకెట్లో బొట్టు బొట్టు,
కింద షవర్మా కొట్టు షట్టరు దించిన చప్పుడు,
చేప కడుపులో యోనా ఏం తిన్నాడని ఒక ప్రశ్న.
నాకు తెలీదు, అన్నాను.
టీచరుకి తెలీకపోవడం దానికి భలే నచ్చింది.
నొప్పి మధ్యలో నవ్వింది.
తెల్లారుజామున వాళ్ళమ్మ వచ్చేది,
ఎవరింట్లోనో గిన్నెలు తోమి, చేతులు నానిపోయి.
"మీకు నిద్ర లేకుండా చేసిందమ్మా"
నాకే క్షమాపణ చెప్పేది.

ఎయిర్‌పోర్టులో అద్దం వెనక ఆయన
తల ఎత్తకుండా ముద్ర కొట్టాడు. టప్.
అప్పుడు తట్టింది.
వెళ్ళిపోవడానికీ కాగితం కావాలి.
వెనక్కి తిరిగి చూశాను,
బాత్రూం శుభ్రం చేసే తుడుపుకర్రతో ఒకామె తప్ప
తెలుగు ముఖం కనపడలేదు.

తణుకు గుడిలో తెర కట్టారు.
మొహాలు చూపించకూడదు కనుక
నెహెమ్యా తీసిన ఫోటోలన్నీ వీపులే.
"ముప్పై నాలుగు ఆత్మలు" అన్నారు అయ్యగారు.
వందనాలు, వందనాలు.
నేను జడలు గుర్తుపడుతున్నాను.
నీలం రిబ్బను దానిది. కుడిపక్కది కాస్త వదులు.
ఆ పూట నేనే వేశాను.
సాక్ష్యం చెప్పమని మైకు నా చేతికిచ్చారు.
ఎండుటాకుల చప్పుడు ఎలా చెప్పను?
కానుకల సంచి నా ముందు నుంచే వెళ్ళింది, బరువుగా.

పదిహేను రోజులకి సుగుణమ్మ వాయిస్ మెసేజు.
పచ్చడి అయిపోయిందని, ఎండలు ముదిరాయని,
వచ్చే నెల ఎవరో బెంగళూరు వాళ్ళు వస్తున్నారని.
ఆపేయబోయి, మళ్ళీ:
"ఆఁ, కెజియా పన్ను ఊడిందమ్మా.
పాలపన్నేగా.
దానంతటదే."