రశీదుల లేని బెల్టు

ఓట్లు అయిపోయి పదకొండు దినాలు.
కల్వకుర్తి ఠాణా నుంచి రెండు మాట్ల ఫోనొచ్చింది:
"కురుమయ్యా, నీ సామాను తీస్కపో,
మా బీరువల జాగ లేదు."

సామాను అంటరు వాళ్లు.
బ్యాంకు గేటు కాడ ఇరవై రెండేండ్లు
నేను దాన్ని పేరు పెట్టి పిల్వలే గని
సామాను అని మాత్రం ఎన్నడు అనలే.

ఓట్లొచ్చినప్పుడల్ల అప్పజెప్పుడు,
ఓట్లు పోంగనే తెచ్చుకునుడు.
లైసెన్సుకు మొదాలు పాలమూరు పోయేటోన్ని,
జిల్లా చీలినంక కందనూలు.
సర్పంచులు మారిండ్రు, ఎమ్మెల్యేలు మారిండ్రు,
నా కుడి భుజం మారలే,
రెండు వేళ్ల మందం కిందికి వంగి.
అంగి కుట్టే వీరప్ప కొల్త తీస్త నవ్వేటోడు:
"నీకు రెండు దిక్కుల రెండు లెక్కలు రాసుకోవాలె సారూ."

గొట్టం తుడ్వనీకి పాత లుంగి ముక్క, నూనె చుక్క.
ఐతారం పొద్దుగాల అదే నా పూజ.
మాసమ్మ చూసి చూసి ఒకనాడు అన్నది:
"నా కాళ్లు పగిలి నెత్తురొస్తున్నయి,
గా నూనెల సగం గిటు పొయ్యరాదు?"
నవ్విన. పొయ్యలే.

ఇరవై రెండేండ్లల ఒక్క తూటా పేల్చలే.
క్యాషు పెట్టె దిగుతుంటే నిలవడుడు,
పింఛను ముసలోళ్లకు వరుస చూపుడు,
వేలిముద్ర పడకపోతే కొంగుతోటి తుడ్వమని చెప్పుడు,
నా తుపాకి చేసిన పనంత గదే.
అయినా నేను పోతే చాయ హోటల్ల బెంచి ఖాళీ అయ్యేది.
గది మర్యాదనా, భయమా?
అడగాలంటె నాకే భయమాయె.

నౌకరి దిగినంక గుడ భుజాన్నే పెట్టుకున్న.
ఎందుకంటే అడవి పందులు అని చెప్పిన.
ఉన్నది ఎకరం పది గుంటల పల్లి చేను,
పందులు తినంగ మిగిలిందే ఏటేట మేం తిన్నది.

పోయిన వానకాలం, ఒక రాత్రి.
కరెంటు లేదు. కుడి కంట్ల పొర ముదిరింది.
కొట్టం ఎనక అలికిడి.
మొదాలు "ఎవరది" అని అడగాలె,
ఫౌజుల తొలి నాడు నేర్పిన మాట.
అడగలే.
మీట మీద వేలు వణికింది.
వణికినందుకు ఆగిందో, ఆగినందుకు వణికిందో
ఇప్పటికీ తెల్వదు.
మెరుపు మెరిసింది.
పక్కింటి ఎల్లేశు బిడ్డ వర్షిత, తొమ్మిదేండ్ల పిల్ల,
"తాతా, మా మ్యాకపిల్ల దొరికింది" అన్నది సంబురంగ,
తడిసిన దాన్ని సంకల పెట్టుకుని.
గొట్టం దిక్కు చూడలే.
మల్ల కమ్మిన చీకటి నా సిగ్గును దాసింది.

ఎవ్వరికీ చెప్పలే, మాసమ్మకు గుడ.
కాయితం మీద పెట్టుడు గిదే మొదలు.

ఓట్లకు ఠాణాల ఇచ్చిన నలభై రోజులు
నిద్ర పట్టింది. చెప్పనీకి నామోషి, గని పట్టింది.
బరువు దిగినట్టు కాదు,
దవాఖానల రాత్రంత మూలిగే పక్క మంచపాయన
ఇంటికి పోయినట్టు.

పోయిన. రైటర్ సంతకం పెట్టుమన్నడు.
పెట్టిన. లైసెన్సు మీద దానితోటి కలుస్తలే.
మల్ల పెట్టిన. మూడో మాటుకు
ఆ పోరడు మెల్లగ అన్నడు: "చెయ్యి వణుకుతుంది తాతా."
పోయిన ఓట్లకు సారూ అనేటోడు.

గోడకు నిలవెట్టి ఉన్నది, మెడల చీటి కట్టి.
నా పేరు తప్పు రాసిండ్రు.
పట్టుకోబోయిన.
పట్టుకోలే.
"అమ్ముకుంటనని అర్జి పెడ్త, అందాక ఉండనీ.
ఆ బెల్టు మాత్రం ఇడిచి ఇయ్యి."
రశీదు తిప్పి తిప్పి చూసిండు.
తుపాకి ఒకటి, తూటాలు ఏడు.
బెల్టు రాసి లేదు.
రాయనిది సర్కారుది కాదు గద, ఇచ్చిండు.

ఇంట్ల మొలకు తగిలేసిన.
మాసమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది,
నూనె సీస తెచ్చి నా ముందల పెట్టి
కాళ్లు చాపుకుని కూసున్నది.

అర్జి ఇంక పెట్టలే. రేపు మాపు అంటున్న.
వీరప్ప కొల్తలు మార్చలే.
రాత్రి కుక్కలు మొరిగితే
చెయ్యి ఇప్పటికీ మొల దిక్కే పోతది,
ఒట్టి తోలు తగుల్తది.
ఇగ గొంతు సవరించుకోవాల్సొస్తది:

"ఎవరది?"